గుడారం సుత్తితో విడాకుల తీర్పులు

మా చెల్లెలి మనవరాలు సుజాతకు టీవీలో ఉద్యోగం దొరికింది. విడిపోదామనుకుంటున్న భార్యాభర్తలను తెచ్చి ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో ఒక జడ్జిగారిని కూర్చోబెట్టే కార్యక్రమం అది. ఎవరు ఎప్పుడు ఏడవాలో చూసుకోవడం తన పని అట. ఏడుపు రాకపోతే ఏం చేస్తారని అడిగాను.

"మళ్ళీ అడుగుతాం తాతయ్యా," అంది.

మా కాలంలోనూ ఇటువంటిది ఉండేదనీ, నేను అందులో జడ్జిననీ చెప్పాను. నా వయసులో ఉన్నవాళ్ళు ఏం చెప్పినా అభ్యంతరం చెప్పకూడదని ఇంట్లో నేర్పినట్టున్నారు, ఊరుకుంది. నమ్మలేదని మాత్రం తెలిసింది. అందుకని రాసి ఇస్తున్నాను. ఆమెలాగే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళెవరైనా చదువుకోవచ్చు. నా జీతం ఎప్పుడెప్పుడు పెరిగిందో ఇందులో ఉండదు. పెరగలేదు కాబట్టి ఆ భాగం దానంతటదే తగ్గింది.

నన్ను జడ్జిని చేసిన అర్హతలు

నేను లా చదవలేదు. బి.ఏ. చదివాను, అందులోనూ చరిత్ర. హిందువుల పెళ్ళి చట్టం కొత్తగా వచ్చిన రోజులు. విడాకులు కావాలంటే కోర్టుకు పోవచ్చని ఊళ్ళలో ఎవరికీ తెలియదని పైవాళ్ళకు ఎవరో చెప్పారు. దాంతో ఒక ప్రచార మండలి పుట్టింది. దాని పేరు రాయను. అది పోయి చాలా ఏళ్ళయింది, పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు.

మండలికి పెద్ద నరహరిరావు గారు. రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రమయ్యాక కృష్ణా తీరం నుంచి మహబూబ్‌నగర్ వచ్చారు. మంచి మనిషి. ఉపన్యాసాలు పెడితే జనం రారు, నాటకం పెడితే వస్తారు అని కనిపెట్టింది ఆయనే. "సుగుణ కేసు" అని ఒక నాటకం రాశారు. సుగుణ అనే ఇల్లాలు, సుబ్బారావు అనే తాగుబోతు భర్త, మధ్యలో కోర్టు. సుబ్బారావు అనే పేరు మేము తిరిగి ఆడే రెండు జిల్లాల్లో దాదాపు లేదు కాబట్టి ఎవరికీ కోపం రాదని ఆయన ధైర్యం.

జడ్జి వేషానికి నన్ను చూడగానే ఎంచుకున్నారు.

"మీరు నవ్వరు కదండీ! అదే కావాలి," అన్నారు.

నాకు అప్పట్లో పైవరస ముందుపన్ను విరిగి ఉంది. అందుకని నవ్వేవాణ్ణి కాదు. న్యాయవ్యవస్థలోకి ఆ పన్ను మీదుగానే వచ్చాను.

భర్త వేషం కరీంది. మా వ్యాను డ్రైవరూ అతనే. గుడారం కట్టేదీ, పెట్రోమాక్సు లైట్లు వెలిగించేదీ, ఆపైన బొట్టు పెట్టుకుని సుబ్బారావై భార్యను హింసించేదీ అతనే. సుగుణగా వేసేది అనసూయమ్మ గారు. పాత నాటక సమాజాల్లో సీతగా, ద్రౌపదిగా కష్టాలు పడి వచ్చిన మనిషి. ఆవిడకు సుగుణ కష్టాలు కొంచెం చిన్నవిగా కనిపించేవి.

నల్లకోటు మహబూబ్‌నగర్ వకీలు దస్తగిరి సాబ్ ఇచ్చారు. ఆయనకు బిగుతై పక్కన పెట్టింది. జడ్జి బల్ల మీద సుత్తి కొట్టాలని నరహరిరావు గారు పట్టుబట్టారు, ఏదో ఇంగ్లీషు సినిమాలో చూశారట. మన కోర్టుల్లో సుత్తి ఉండదని దస్తగిరి సాబ్ చెప్పినా వినలేదు. చివరికి గుడారం మేకులు దిగగొట్టే కొయ్య సుత్తినే నా బల్ల మీద పెట్టారు. సాయంత్రం దాకా కరీం దానితో మేకులు కొట్టేవాడు, ఆ తర్వాత నేను తీర్పులు కొట్టేవాణ్ణి. సుజాతా, మీ జడ్జిగారి బల్ల మీద కూడా సుత్తి ఉంది, నేను చూశాను. అది ఏ కోర్టు నుంచి వచ్చిందో నాకు తెలుసు.

జనం సాక్ష్యం

నాటకం చివర్లో నరహరిరావు గారు ఒక కొత్త పద్ధతి పెట్టారు. తీర్పుకు ముందు జడ్జి లేచి జనాన్ని అడగాలి: "మీరేమంటారు?" జనం ఏదో ఒకటి అంటారు. దానివల్ల వాళ్ళకు చట్టం ఒంటబడుతుందని ఆయన ఉద్దేశం. ఏమి ఒంటబడిందో చెప్పలేను గాని, జనం మాత్రం అన్నారు.

తిరుమలగిరిలో ఒక ముసలాయన చేతికర్ర ఊపుతూ లేచి, సాక్ష్యం చెబుతానన్నాడు.

"గీ సుబ్బారావు పొద్దుగాల గా బస్సుల కాడి హోటల్ల ఇంకో ఆడామెతోని చాయ్ తాగంగ నేను నా కండ్లతోని సూసిన. నవ్వుకుంట తాగిండు. గీ బిడ్డె ఇంటికాడ ఏడుస్తాంటె ఆడ గామెతోని నవ్వుతాండు!"

జనం కరీం మీదికి లేచారు. ఆ ఇంకో ఆడామె ఎవరో నాకు తెలుసు. రంగు పూసుకోక ముందు అనసూయమ్మ గారే. ఆ సంగతి చెప్పి కరీంను కాపాడవచ్చు. కాని అప్పుడు సుగుణ తన భర్తతో నవ్వుతూ చాయ్ తాగిందని తేలుతుంది, కేసే కొట్టుడుపోతుంది. సాక్ష్యం నమోదు చేసుకున్నానని చెప్పి సుత్తి కొట్టాను. మరునాడు ఆ ఊళ్ళో కరీంకు ఎవరూ చాయ్ పోయలేదు.

"సార్, నేను నమాజ్ చేసుకునెటోణ్ణి. తాగెటోడని జిల్లా మొత్తం తెలిసిపోయింది," అనేవాడు కరీం వ్యాను నడుపుతూ. "మా మామ కూడ అడుగుతాండు, నిజంగ తాగుతలేవు గదా అని."

అచ్చంపేటలో అడవి పల్లెల నుంచి తేనె అమ్మడానికి వచ్చినవాళ్ళు కొందరు ముందు వరసలో కూర్చుని చూశారు. నేను "మీరేమంటారు?" అనగానే వాళ్ళలో ఒకామె పక్కామెను అడిగింది, వేదిక దాకా వినిపించేట్టుగానే:

"ఉండనని ఆమె అనె, పొమ్మని ఆయన అనె. మరి నడుమల గీయన ఎందుకు కూసున్నడు?"

ఆ ప్రశ్నకు నరహరిరావు గారి నాటకంలో జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ నేను దానికి దూరంగా తిరిగాను.

చప్పట్ల కోసం కలిపిన మాట

రెండో ఏడు నాటకం పలచబడుతోందని నరహరిరావు గారికి అనిపించింది. ఒక దుర్మార్గుడు చాలడం లేదు. అందుకని కులపెద్దలను తెచ్చారు. సుగుణ కోర్టుకు రాకముందు కులపెద్దల దగ్గరికి పోతుంది, వాళ్ళు మీసాలు తిప్పుతూ అడ్డదిడ్డంగా మాట్లాడి పెళ్ళి తెంపేశామంటారు. తర్వాత కోర్టులో నేను గట్టిగా చెప్పాలి:

"కులపెద్దలు తెంపితే పెళ్ళి తెగదు. కోర్టు తెంపితేనే తెగుతుంది. కాదని మారుమనువు చేసుకుంటే నేరం!"

రెండుసార్లు సుత్తి. ఊళ్ళో బడిపంతుళ్ళు, పోస్టుమాస్టరు, చదువుకున్న నలుగురూ చప్పట్లు కొట్టేవారు. మిగతావాళ్ళు కొట్టేవారు కాదు. మిగతావాళ్ళకు ఇంకా అర్థం కావడం లేదని మేము అనుకున్నాం. వాళ్ళకు బాగా అర్థమైందని తర్వాత తెలిసింది.

ఆ కొత్త మాట మొదట చెప్పింది ఆత్మకూర్‌లో. మగ్గాలున్న ఊరు. అక్కడి నేత ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఆలుమగలకు ఇక పొసగదని తేలితే కులపెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒక నూలుపోగు చెరో కొసా పట్టుకోమంటారు. ఇద్దరూ లాగాలి. పోగు తెగితే పెళ్ళి తెగినట్టే. తర్వాత ఎవరి దారి వాళ్ళది, మళ్ళీ మనువాడవచ్చు. ఈ సంగతి నరహరిరావు గారికి తెలియదు. నాకూ తెలియదు. ఆ ఊళ్ళో మాకు తప్ప అందరికీ తెలుసు.

కొత్తకోటలో వాయిదా

కొన్ని నెలల తర్వాత కొత్తకోటలో ఆడుతున్నాం. నేను లేచి "మీరేమంటారు?" అన్నాను. చంకలో పసిపిల్లతో ఒకామె జనంలోంచి లేచి, నేరుగా వేదిక ఎక్కి నా బల్ల ముందుకు వచ్చింది. వెనకాల ఒక మగమనిషి వేదిక కింద ఆగిపోయాడు.

"జడ్జిసాబ్, నేను మీకు ఎర్కలేను. మీరు నాకు బాగ ఎర్కే," అంది.

"ఎవరమ్మా నువ్వు?"

"గదే తెలుస్తలేదు. మీరు ఆత్మకూర్ల ఆడిపోయిన కాంచి నేను ఎవని పెండ్లాన్నో ఎవ్వలు చెప్తలేరు."

జనం ఘొల్లున నవ్వారు. నాటకమే అనుకున్నారు. తెర పక్కనుంచి నరహరిరావు గారు నాకు చెయ్యి ఊపారు. "కానివ్వండి, బావుంది!"

"నా పేరు సత్తెమ్మ," అందామె. "మొదాలు వీరేశం చేసుకున్నడు. పొసగలే. పెద్దమనుషుల ముంగట పోగు తెంపుకున్నం. అటెన్క గీ అంజయ్య చేసుకున్నడు. గీ పిల్ల పుట్టింది. మంచిగనే ఉంటిమి. మీరొచ్చి, పోగు తెంపితె తెగది, మారుమనువు జేస్కుంటె జేలు అంటిరి. గంతే! వీరేశం రోజు మా ఇంటి ముంగటకొచ్చి, 'జడ్జిసాబ్ చెప్పిండు, నువ్వు ఇంక నా పెండ్లానివే, నడువు' అంటాండు. మా అత్త నన్ను పొయికాడికి రానిస్తలేదు. పిల్లకు తొట్లె ఎయ్యాలె, పేరు వెట్టాలె. తండ్రి ఎవరని చెప్పాల్నో మాకు తెల్వదని పెద్దమనుషులు లేసిపోయిండ్రు. ఊరందరి పిల్లలు తొట్లెల ఊగుతాండ్రు. గిది చంకల్నే ఉన్నది."

ఈసారి నవ్వులు తగ్గాయి. అనసూయమ్మ గారు సుగుణ ఏడుపు మానేసి ఆమెనే చూస్తున్నారు.

"నన్నేం చేయమంటావమ్మా?"

"ఆ మాట ఆత్మకూర్లనే చెప్పిండ్రు. ఆత్మకూర్లనే మల్ల వాపస్ తీస్కోండ్రి. గీ కోటే ఏస్కొని రాండ్రి. సుత్తి గూడ తేండ్రి. సుత్తి లేకుంటె మావోళ్ళు నమ్మరు."

నాకు నాటకంలో ఇచ్చిన మాటలన్నీ అయిపోయాయి. "కేసు వాయిదా," అన్నాను.

"వాయిదా అంటె?"

"వచ్చే నెల. ఆత్మకూర్‌లోనే."

మా "సుగుణ కేసు"లో వాయిదా అనే మాట ఎక్కడా లేదు. నిజమైన కోర్టుకు మేము అంత దగ్గరగా పోయింది ఆ ఒక్కరోజే.

కోటు యజమాని

మరునాడే దస్తగిరి సాబ్ ఇంటికి పోయాను. అంతా విన్నారు. లేచి అలమార్లోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టారు.

"గిది చదివినవా?"

"లేదు సాబ్. నేను నాటకం చదివాను."

"నాటకం రాసినాయన చదివిండా?"

"ముందుమాట చదివారట."

"కానూన్‌కు ముందుమాట ఉండది," అన్నారు. తర్వాత పుస్తకం చివర ఒక చోట వేలు పెట్టారు. "ఇగో. కులంల ఎన్నటినుంచో ఆచారం ఉంటె, ఆ ఆచారం ప్రకారం తెగిన లగ్గం తెగినట్టే. కొత్త కానూన్ దాన్ని ముట్టలేదు. నువ్వు ముట్టినవ్."

పుస్తకం మూసి మళ్ళీ అలమార్లో పెట్టారు.

"నా కోటు నాకు వాపస్ ఇయ్యి," అన్నారు.

"ఇంకొక్కసారి వేసుకోవాలి సాబ్. ఆత్మకూర్‌లో. లేకపోతే వాళ్ళు నమ్మరు."

ఆయన ఆలోచించారు. "అయితే జర ఉతికించి ఏస్కపో. ఆ ఆడబిడ్డ ముంగట మురికి కోటుతోని నిలవడకు."

నరహరిరావు గారికి పుస్తకం సంగతి చెబితే ఆయన అంతగా కలవరపడలేదు. ఆయన మనసు ఇంకో చోట ఉంది.

"ఏవండీ, ఆ అమ్మాయి నిజంగా వస్తుందా? ఆ మొదటి మొగుణ్ణి కూడా పిలిపిద్దాం. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెడదాం. సుగుణ, సుబ్బారావు ఎందుకండీ ఇక? నిజమైన జంటలే మన దగ్గరికి వస్తుంటే! మీరు మాత్రం తీర్పు చివరిదాకా బయటపెట్టకండి."

సుజాతా, మీ కార్యక్రమం అసలు కనిపెట్టింది ఆయనే. టీవీ లేకపోవడం ఒక్కటే ఆయనకు అడ్డం వచ్చింది.

ఆత్మకూర్ చేరిన రోజు మధ్యాహ్నమే నేను కులపెద్ద రామలింగం ఇంటికి పోయాను. వేదిక, జనం, వీరేశం, ఇవేమీ లేకుండా గదిలో కూర్చుని తేల్చేద్దామని నా ఆశ. సత్తెమ్మను మళ్ళీ జనం నవ్వుల మధ్య నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. వకీలు మాట వివరంగా చెప్పాను. రామలింగం పెద్దాయన, నిదానస్థుడు. చివరిదాకా విన్నాడు.

"మంచిగ చెప్పిండ్రు సారూ. నాకు సమజైంది. అయితె ఒకటి. మీరు చెడగొట్టింది ఊరందరి ముంగట. మంచి జేసేది నా అర్రల కూసోనా? రేపు నేను లేసి, జడ్జిసాబ్ నా చెవుల చెప్పి పోయిండు అంటె, వీరేశం నవ్వడా?"

అయితే వేదిక మీదే చెబుతానని లేచాను.

ఆ సాయంత్రం వ్యాను మీద మైకు పెట్టి ఊరంతా చాటింపు వేయమని నరహరిరావు గారు కరీంకు చెప్పారు. "నిజమైన ఆలుమగలు! నిజమైన తగాదా!" అని, సత్తెమ్మ పేరుతో సహా చెప్పమన్నారు. కరీం వెళ్ళి కొద్దిసేపట్లోనే తిరిగి వచ్చాడు.

"మైకు ఖరాబైంది సార్."

"మధ్యాహ్నం బాగానే ఉందిగా?"

"మధ్యాహ్నం దాక మంచిగనే ఉండె సార్. ఆమె పేరు చెప్పమనంగనే ఖరాబైంది."

ఆత్మకూర్‌లో తీర్పు

మైకు లేకపోయినా మరునాడు ఊరంతా వచ్చింది. "సుగుణ కేసు" ఆడలేదు. సత్తెమ్మ వేదిక మీదికి వచ్చింది. అంజయ్య పిల్లను ఎత్తుకుని కింద మొదటి వరసలో నిలబడ్డాడు. అతని తల్లి అతనికి కొంచెం ఎడంగా నిలబడింది. వీరేశం తలకు నూనె పెట్టి నున్నగా దువ్వుకుని, పిలవకముందే మెట్లెక్కి నాకు దండం పెట్టాడు. నేను తన పక్షం జడ్జినని అతని నమ్మకం. అతణ్ణి తప్పుపట్టలేను, అప్పటికి నేను అతని పక్షమే.

"పోగు తెంపుకున్నారా?" అడిగాను.

"తెంపుకున్నం సారూ."

"ఇద్దరూ లాగారా?"

"ఇద్దరం లాగినం. ఆమె జర గట్టిగ లాగింది."

"మరి తెంపుకున్నాక మళ్ళీ ఎందుకు పిలుస్తున్నావు?"

"తెగలేదని మీరే అంటిరి గదా సారూ! తెగనప్పుడు పిలువకుంటె తప్పు నాది గాదా?" అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. "మగ్గం మీద సగం చీర అట్లనే ఉన్నది. నూలు కండెలు చుట్టెటోళ్ళు లేరు. ఒక్కన్ని ఎంతని నేద్దు?"

సత్తెమ్మ జనం వైపు తిరిగింది. "సూస్తిరా? నేను పోయిన అంటలేడు. కండెలు ఆగినయ్ అంటాండు. ఉన్నన్నాళ్ళు గూడ గంతే. కొట్టలే, తిట్టలే. నా దిక్కు సూడనే లేదు. కండెలు చుట్టెటానికి పెండ్లామే కావాల్నా? మీ అక్కను తెచ్చుకో."

"మా అక్క రాదు."

"ఎందుకు రాదు?"

వీరేశం దువ్వుకున్న తల మళ్ళీ సర్దుకున్నాడు. జనంలోంచి ఎవరో ఆడగొంతు చెప్పింది: "ఆమె దిక్కు గూడ సూడడు గావచ్చు!" నవ్వులు లేచాయి. నరహరిరావు గారు తెర పక్కన రెండు చేతులూ రుద్దుకుంటున్నారు. ఇంకాస్త సాగదీయమని నాకు సైగ చేశారు. నేను సత్తెమ్మను చూశాను. ఆమె నవ్వడం లేదు, కింద అంజయ్య చేతిలో పిల్లను చూస్తోంది. ఇక సాగదీయలేదు.

లేచి నిలబడ్డాను. "మహబూబ్‌నగర్‌లో వకీలును అడిగి వచ్చాను. మీ ఆచారం ప్రకారం పోగు తెగితే పెళ్ళి తెగినట్టే. చట్టం కూడా కాదనదు. సత్తెమ్మ అంజయ్య భార్య. ఆ పిల్ల అంజయ్య పిల్ల." సుత్తి కొట్టాను, ఆరోజు చాలా గట్టిగానే.

వీరేశం ముఖం మారిపోయింది. ఒక నిమిషం నన్నూ, సుత్తినీ, కోటునూ వరసగా చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి అరిచాడు.

"గిదంత నాటకం! గీయన జడ్జి గాదు! పొద్దుగాల హోటల్ల నా పక్కపొంటి కూసోని ఉప్మా తిన్నడు! గా సుత్తి డేరా మేకులు కొట్టెటిది, నా కండ్లతోని సూసిన! కోటు గూడ ఆయనది గాదంట! నాటకాలోళ్ళు చెప్తె లగ్గం తెగుతదా?"

జనం గుసగుసలాడారు. రామలింగం తల వంచుకున్నాడు. అంజయ్య తల్లి ఇంకో అడుగు ఎడంగా జరిగింది. ఉన్న ఆధారం కూడా పోతోందని నాకు అర్థమైంది. వీరేశం అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

సత్తెమ్మ మెల్లగా అడిగింది, అతణ్ణి కాదు, నన్ను.

"జడ్జిసాబ్, మీరు జడ్జి గాదా?"

తెర పక్కన నరహరిరావు గారు వద్దు వద్దని తల ఊపుతున్నారు.

"కాదమ్మా," అన్నాను.

"మరి మొన్న?"

"మొన్నా కాదు."

"మొన్న గీ సుత్తేనా కొట్టింది?"

"ఇదే సుత్తి."

ఆమె వీరేశం వైపు తిరిగింది. "అయితే మొన్న చెప్పింది గూడ నాటకమే గదా? మరి రోజు మా ఇంటి ముంగటకొచ్చి ఎవరి తీర్పు చెప్తున్నవు?"

ఆ వేదిక మీద నేను ఎన్నో విరామాలు చూశాను. అనసూయమ్మ గారు కావాలని ఇచ్చేవి కొన్ని, కరీం మాట మరిచిపోయి ఇచ్చేవి కొన్ని. అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. వీరేశం వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. నేను జడ్జినైతే ఆమె అంజయ్య భార్య. కాకపోతే పోగు తెగినట్టే, మళ్ళీ ఆమె అంజయ్య భార్యే. అతనికి మూడో దారి కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

మొదట నవ్వింది రామలింగం. పెద్దమనిషి నవ్వాక ఊరు ఆగలేదు.

"దిగు బిడ్డా దిగు," అన్నాడు ఆయన వీరేశంతో, నవ్వు తుడుచుకుంటూ. "మా ముంగట తెంపుకున్నది తెగింది. రేపు మీ అక్క కాడికి నేనొచ్చి మాట్లాడుత. సగం చీర నిలవడొద్దు." తర్వాత కింద నిలబడ్డ ముసలామెను పిలిచాడు. "ఓ అంజయ్య తల్లీ, తొట్లె ఎన్నడు వెట్టుకుంటున్నవు?"

ఆమె కొడుకు దగ్గరికి పోయి, చేతులు చాపి పిల్లను తీసుకుంది.

"ఎల్లుండి మంచిగుంది," అంది.

ఆ తర్వాత

నరహరిరావు గారు ఆ రాత్రి నాతో సరిగా మాట్లాడలేదు. "నాటకం జడ్జినని ఎవరైనా స్టేజీ మీద ఒప్పుకుంటారండీ?" అన్నారు ఒకసారి. మరికాసేపటికి తట్టుకోలేక, "అయినా భలే రక్తి కట్టిందండీ. ఆ ఇద్దర్నీ ఇంకో నాలుగు ఊళ్ళు తిప్పితే?" అన్నారు. పొద్దున్నే వీరేశం దగ్గరికి పోయి అడిగారు కూడా. మగ్గం ఎవరు నేస్తారని వీరేశం అడిగాడు. సత్తెమ్మను అడిగితే ఆమె పక్కనున్నవాళ్ళను పిలిచి, మళ్ళీ చెప్పమని ఆయన్నే అడిగింది. ఆయన మళ్ళీ చెప్పలేదు.

కులపెద్దల ఘట్టం మాత్రం నాటకంలోంచి తీసేశారు. నేను అడిగినందుకు కాదు, మీసాలు తిప్పే నటుడు మానేసినందుకు.

సుజాతా, నీకు ఉపయోగపడే మాట ఏదైనా ఉంటే ఇంతే. నువ్వు ఏడుపు కోసం మళ్ళీ అడిగే ఆ ఇద్దరూ లైట్లు ఆర్పేశాక ఒక ఇంటికి పోతారు. మీ జడ్జిగారు చెప్పిన మాటను వాళ్ళ గుమ్మం ముందు నిలబడి అప్పజెప్పేవాడు ఒకడు అక్కడ ఉంటాడు. వాడికి అది కార్యక్రమం కాదు. మీ జడ్జిగారు మంచివారే అయి ఉండవచ్చు, నేనూ మంచివాణ్ణే. ఆ అచ్చంపేట ఆమె అడిగిన ప్రశ్న ఉంది చూడు, నడుమల ఈయన ఎందుకు కూర్చున్నాడని. రోజూ పనిలోకి పోయేముందు అది ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు. జవాబు అక్కరలేదు.

తొట్లెకు నన్నూ, కరీంనూ, అనసూయమ్మ గారినీ పిలిచారు. పిలవడానికి వచ్చిన అంజయ్య అంతకుముందు నా ముందు ఒక్క మాట కూడా మాట్లాడినవాడు కాదు. "జడ్జిసాబ్ తప్పకుంట రావాలె," అన్నాడు. జడ్జిసాబ్ అన్నాడు కదా, ఊరికి ఏ అనుమానమూ మిగలకూడదని, ఉతికించిన ఆ నల్లకోటు వేసుకునే పోయాను. వైశాఖమాసం. మెడ దాకా చెమట.

సత్తెమ్మ గడప దగ్గర ఎదురొచ్చింది. నన్ను కిందినుంచి మీదికి చూసింది. లోపల తొట్లె కట్టి ఉంది, ముసలామె పిల్లకు కాటుక పెడుతోంది, మగ్గం ఆ ఒక్కపూటకు ఆపారు.

"కోటు ఇప్పి రాండ్రి సారూ," అంది సత్తెమ్మ. "ఇంట్ల జడ్జి పనేం లేదు."

కోటు తీసి చేతి మీద వేసుకున్నాను. కరీం అది నా దగ్గరినుంచి తీసుకుని, మగ్గం గుంజకు తగిలించాడు. తర్వాత నలుగురితో పాటు నన్నూ తొట్లె తాడు పట్టుకుని ఊపమన్నారు. ఊపాను. అప్పుడు మాత్రం, విరిగిన పన్ను సంగతి మరిచిపోయి, నవ్వినట్టున్నాను. అనసూయమ్మ గారు చూసి చెప్పారు.